బండి ఆగిన రోజు ఎవరొచ్చారు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ముప్ఫై ఏళ్లు బండ్ల కంపెనీల్లో చేశావు కదా, మనవాళ్లకు పనికొచ్చే ముక్క ఏదైనా చెప్పు. ఇంజనీరింగ్ పాఠం మాత్రం వద్దు" అన్నారు. సరేనని సభ్యుల జాబితా తెప్పించుకుని చూశాను. డాక్టర్లున్నారు, టీచర్లున్నారు, అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవాళ్లున్నారు. లారీ ఓనర్లు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు నడిపేవాళ్లు, విజయవాడ ఆటోనగర్‌లో షెడ్లున్నవాళ్లు, స్పేర్ పార్టుల షాపులవాళ్లు, స్టీరింగ్ పట్టుకుని బతికేవాళ్లు కూడా తక్కువేమీ లేరు. ఇక కారున్నవాళ్లంటారా, బయట ఎండలో నిలిపిన వరస చూస్తేనే తెలుస్తోంది. అందుకే మనందరికీ సంబంధించిన ప్రశ్న ఒకటి ఎంచుకున్నాను. ఒకసారి కొన్న కంపెనీ బండినే మనం మళ్లీ ఎందుకు కొంటాం? కొన్నాళ్లకు ఎందుకు వదిలేస్తాం?

నేను పనిచేసిన కంపెనీల పేర్లు చెప్పను. చెబితే ఇది ప్రసంగం కాదు, ప్రకటన అవుతుంది.

కంపెనీల మీటింగుల్లో దీన్ని బ్రాండ్ లాయల్టీ అంటారు. వందమంది పాత కస్టమర్లలో ఎంతమంది తిరిగి మన దగ్గరికే వచ్చారని లెక్క కడతారు. అంకె పెద్దదైతే అందరూ చప్పట్లు కొడతారు. అయితే తిరిగి వచ్చినవాళ్లంతా ఒకే కారణంతో రారు. నా అనుభవంలో వాళ్లు మూడు రకాలు. గత్యంతరం లేక వచ్చేవాళ్లు, అలవాటుకొద్దీ వచ్చేవాళ్లు, నమ్మి వచ్చేవాళ్లు. అంకెలో ముగ్గురూ ఒకేలా కనిపిస్తారు. ఎదురుగా ఇంకో షోరూము తెరిచిన రోజున ఎవరు ఏ రకమో బయటపడుతుంది.

మొదటి రకానికి పెద్ద ఉదాహరణ మన అంబాసిడర్. 1957లో మొదలై, 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో ఆగిపోయేదాకా నడిచిన కారు అది. ఒకప్పుడు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తే గాని చేతికి వచ్చేది కాదు. కలెక్టరు గారికీ అదే, పెళ్లికొడుక్కీ అదే. దాన్ని జనం అభిమానమని కంపెనీ అనుకుని ఉంటే ఆశ్చర్యం లేదు. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళం హర్‌పాల్ సింగ్ అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగికి అందింది. అప్పుడు దాని ధర 47,500 రూపాయలు. ఆ తర్వాత కొన్నేళ్లలోనే సొంత కారు కొనుక్కునే కుటుంబాలు అటు మళ్లాయి. అంబాసిడర్‌కు మిగిలింది చాలావరకు ప్రభుత్వ ఆఫీసులు, టాక్సీలు. మొదటి తాళం అందుకున్న హర్‌పాల్ సింగ్ మాత్రం 2010లో కన్నుమూసేదాకా ఆ కారు వదల్లేదు. కావాలంటే ఎన్నో కొత్త కార్లు దొరికే కాలంలో కూడా ఉంచుకున్నాడు. వేరే దారి ఉండి కూడా ఉండిపోతే, అప్పుడు దాన్ని అభిమానం అనాలి.

అంబాసిడర్‌కు న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఏ ఊళ్లో ఆగినా, ఏ చెట్టు కింద మెకానిక్ అయినా దాని బానెట్ ఎత్తి బాగుచేసేవాడు. టాక్సీవాళ్లు దాన్ని చివరిదాకా పట్టుకుని ఉండటానికి అదొక ముఖ్య కారణం. ఆ విషయం గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

రెండో రకం అలవాటు. ఇది కార్లలో కంటే లారీల్లో ఎక్కువ. టాటావారి టెల్కో కంపెనీ 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని లారీలు మొదలుపెట్టింది. పదిహేనేళ్లు, అంటే 1969 దాకా, ఆ ఒప్పందం సాగింది. తర్వాత ముందు గ్రిల్ మీద బెంజి నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చినా, పాతకాలపు డ్రైవర్లు చాలాకాలం దాన్ని బెంజి అనే పిలిచారు. ఇంకోపక్క మద్రాసు నుంచి అశోక్ లేలాండ్. మన ఆర్టీసీ బస్సెక్కిన ప్రతివాడికీ ఆ పేరు తెలుసు. లారీ స్టాండులో ఇద్దరు ఓనర్లు కూర్చుంటే ఒకరు ఇటు, ఒకరు అటు. ఈనాటికీ భారీ లారీల అమ్మకాల్లో మొదటి రెండు స్థానాలు ఆ రెండు కంపెనీలవే. 2012లో డైమ్లర్ సొంతంగా మళ్లీ మన దేశంలో లారీలు అమ్మడం మొదలుపెట్టినప్పుడు వాటికి భారత్‌బెంజ్ అని పేరు పెట్టింది. నలభై ఏళ్ల కిందటి జ్ఞాపకానికి కూడా బజారులో విలువ ఉందన్నమాట.

నాన్న కొన్న కంపెనీనే కొడుకు కొనడం మన దగ్గరే కాదు. అమెరికాలో ఆర్థికవేత్తలు కుటుంబాల కార్ల కొనుగోళ్లను తరాలవారీగా పరిశీలించి, తల్లిదండ్రులు వాడిన బ్రాండునే పిల్లలు ఎంచుకునే అవకాశం బాగా ఎక్కువని తేల్చారు. అక్కడున్న మన పిల్లలను అడగండి. పికప్ ట్రక్కుల విషయంలో ఫోర్డ్ ఇల్లు, షెవర్లే ఇల్లు అని వేరువేరుగా ఉంటాయి. ఒకరి బండి అద్దం మీద ఇంకొకరిని వెక్కిరించే స్టిక్కర్లు కూడా ఉంటాయి.

మన లారీ ఓనరు అలవాటు వెనక సెంటిమెంటు కంటే లెక్క ఎక్కువ. డ్రైవరు చెయ్యి ఆ గేర్లకు అలవాటు పడి ఉంటుంది. మేస్త్రీకి ఆ ఇంజను శబ్దం తెలుసు. కమాను కట్ట, క్లచ్ ప్లేటు, ఫిల్టర్లు ఒక బండివి ఇంకో బండికి పనికొస్తాయి. ఫైనాన్సు కంపెనీకి ఆ మోడల్ పాతబడితే ఎంతకు పోతుందో తెలుసు కాబట్టి అప్పు త్వరగా ఇస్తుంది. కంపెనీ మారిస్తే ఇవన్నీ మార్చుకోవాలి. బ్రోచర్లో ధర పక్కన ఈ ఖర్చు రాయరు. ఓనరు మనసులో మాత్రం ఉంటుంది.

అలవాటును, నమ్మకాన్ని విడదీసి చూపించిన కథ ఒకటి మన రాష్ట్రంలోనే జరిగింది. 1980ల నడుమ చిన్న లారీల్లోకి జపాన్ కంపెనీలు నాలుగు ఒక్కసారిగా దిగాయి. డీసీఎం టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, నాలుగోది మన జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్. బండ్లు బాగుండేవి. నున్నగా నడిచేవి, కేబిన్ కారులా ఉండేది. అప్పటిదాకా ముతక బండ్లే నడిపిన డ్రైవర్లు వాటిని చూసి ముచ్చటపడ్డారు. 1986లో టాటావారు ఇక్కడే డిజైన్ చేసిన 407ను దించారు. జపాన్ బండ్ల పక్కన అది మోటుగా ఉండేది. నెగ్గింది మాత్రం అదే.

ఎందుకు నెగ్గింది? 1985 తర్వాత జపాన్ యెన్ విలువ బాగా పెరిగింది. అక్కడి నుంచి వచ్చే విడిభాగాల ధరలు కూడా దాంతోపాటే పెరిగాయి. 407కు ఆ బాధ లేదు. పైగా పెద్ద లారీల కోసం అప్పటికే దేశమంతా అల్లుకున్న డీలర్లు, షెడ్లు, పార్టుల షాపులు దాని వెనక ఉన్నాయి. మన ఓనర్లు మూడు నాలుగు ఏళ్లలో లెక్క తేల్చేశారు. బండి ఎంత నున్నగా నడిచిందన్నది కాదు, ఆగితే ఎంతసేపట్లో కదిలిందన్నది వాళ్లు చూశారు. ఆల్విన్ నిస్సాన్ తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది. జహీరాబాద్ ఫ్యాక్టరీ మహీంద్రా పేరుతో నడుస్తోంది.

బండి ఆగడం అంటే ఏమిటో కారున్నవాళ్లకు పూర్తిగా తెలియదు. మనం ఆటో ఎక్కి ఆఫీసుకు వెళ్లిపోతాం. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. మూడోది లారీ కొని చూడు. ఊరికే ఒక లెక్క వేద్దాం. మా లెక్కల మాస్టారు ముందున్నారు, తప్పితే దిద్దుతారు. ఒక లారీ నెలకు 8,000 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తే 2,000 లీటర్లు కావాలి. ఇంకో కంపెనీ బండి 4.2 ఇస్తుందంటే సుమారు 95 లీటర్లు మిగులుతాయి. లీటరు 95 రూపాయల లెక్కన నెలకు 9,000 రూపాయలు. షోరూములో కుర్రాడు ఈ లెక్కే చూపిస్తాడు. నిజమే, తక్కువ డబ్బేమీ కాదు. ఇప్పుడు నెల వాయిదా 75,000 అనుకోండి, అంటే రోజుకు 2,500. బండి పార్టు కోసం నాలుగు రోజులు ఆగితే వాయిదా కిందే 10,000 పోయింది. డ్రైవరు బత్తా, పోయిన కిరాయి, సమయానికి సరుకు అందక చేజారిన పార్టీ ఇవన్నీ పైన. నెలంతా మిగిల్చిన మైలేజీని నాలుగు రోజులు మింగేశాయి. ఒకే బండి ఉండి, పొలం తాకట్టు పెట్టి దాన్ని కొన్నవాడికి ఆ నాలుగు రోజులు ఎలా గడుస్తాయో నేను చెప్పనక్కర్లేదు. ఈ సభలో ఆ రోజులు గడిపినవాళ్లున్నారు.

ఇక మూడో రకం, నమ్మకం. నా సర్వీసులో చూసిన ఇద్దరు ఓనర్ల గురించి చెబుతాను. మొదటాయన బండి నాలుగేళ్లలో పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. రికార్డు చూస్తే ఆయన మా దృష్టిలో సంతృప్తి చెందిన కస్టమర్. తర్వాత బండి మాత్రం ఇంకో కంపెనీది కొన్నాడు. ఎందుకండీ అని అడిగితే, "ఆరు వేల పార్టు వారంటీలో ఇవ్వాలి సార్. ఇవ్వం అని ఉంటే కొనుక్కుని బిగించుకునేవాణ్ని. నలభై రోజులు రేపు రేపన్నారు" అన్నాడు. రెండో ఆయన బండికి ఏడాదిలో రెండుసార్లు క్లచ్ పోయింది. రెండోసారి ఘాట్ రోడ్డులో, రాత్రి పూట, లోడుతో. ఆయన తర్వాత అదే కంపెనీవి ఇంకో మూడు కొన్నాడు. ఆ రాత్రి వర్క్‌షాపు ఇన్‌చార్జి మొదటి రింగుకే ఫోనెత్తాడట. తెల్లారేసరికి పార్టుతో మనిషి వచ్చాడట. "బండ్లన్నాక చెడిపోతాయి సార్, మనుషులు చెడిపోకూడదు" అన్నాడాయన. మేనేజిమెంటు క్లాసులు చాలా విన్నాను గాని, ఇంత సూటిగా చెప్పినవాళ్లు లేరు.

పెద్ద కంపెనీల చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. 1989లో టయోటా అమెరికాలో లెక్సస్ అనే కొత్త పేరుతో ఖరీదైన కారు దించింది. మూడు నెలలకే కొన్ని లోపాలు బయటపడ్డాయి. అప్పటిదాకా అమ్మిన సుమారు 8,000 కార్లనూ వెనక్కి పిలిచి సరిచేయాల్సి వచ్చింది. కొత్త పేరుకు అది అపశకునమే. కానీ వాళ్లు ఓనర్ల ఇళ్లకే వెళ్లి కార్లు తీసుకొచ్చి, బాగుచేసి, కడిగి, ట్యాంకు నింపి తిరిగి అప్పగించారు. లెక్సస్‌కు పేరు తెచ్చినవాటిలో ఆ కొన్ని వారాలకు పెద్ద వాటా ఉంది. అలాగని తప్పు చేస్తే నమ్మకం పెరుగుతుందని అర్థం కాదు. అదే తప్పు రెండోసారి చేసి, రెండోసారి కారు కడిగిస్తే ఎవరూ మెచ్చుకోరు.

నమ్మకం ఒకవైపే ఉంటే సరిపోదు. కస్టమరు ఉండిపోయాడు, కంపెనీయే వెళ్లిపోయిందనుకోండి! 1990లలో కొరియా కంపెనీ దేవూ సియెలో, మాటిజ్ కార్లతో వచ్చింది. డీసీఎం టయోటా లారీలు చేసిన సూరజ్‌పూర్ ఫ్యాక్టరీయే వాళ్లదైంది. మాతృసంస్థ కొరియాలో కూలిపోవడంతో ఇక్కడి ఓనర్లు దిక్కులేనివాళ్లయ్యారు. షెవర్లే కార్ల జనరల్ మోటార్స్ 2017 చివరికి మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. 2021 సెప్టెంబర్‌లో ఫోర్డ్ కూడా ఇక్కడ తయారీ మానేస్తున్నామని ప్రకటించింది. సర్వీసు, పార్టులు ఇస్తామని రెండు కంపెనీలూ చెప్పాయి. అయినా పాత కారు అమ్ముకోబోయినవాడికి బేరం ఎలా సాగిందో ఆ కార్లున్న మన సభ్యులకు తెలుసు. మరోపక్క మన పెనుకొండలో ఫ్యాక్టరీ పెట్టిన కియా 2019లో సెల్టోస్‌తో వచ్చి, కొద్దికాలంలోనే ఎంతోమంది పాత బ్రాండ్లవాళ్లను తనవైపు తిప్పుకుంది. కారు కొనేవాడి మనసు లారీ కొనేవాడి మనసంత గట్టిది కాదు. ఎంత తేలిగ్గా వచ్చారో అంత తేలిగ్గా పోగలరని కొత్త కంపెనీలన్నీ గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మొదట చెప్పిన ఆ గత్యంతరం లేని రోజులు ఇంకో దారిలో తిరిగి వస్తున్నాయని నా భయం. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. పొగ తగ్గింది, చాలా మంచిది, మన పిల్లల ఊపిరితిత్తులకు అది అవసరం. కానీ ఆ బండిలో సెన్సర్లు, కంప్యూటరు, పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు, డీజిల్ లారీల్లో యూరియా ద్రావణం పోసే ఏర్పాటు ఉంటాయి. శబ్దం విని రోగం చెప్పే మేస్త్రీకి ఇప్పుడు లాప్‌టాప్ కావాలి. ఆ లాప్‌టాప్‌లో పెట్టే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇవ్వాలి. ఇవ్వకపోతే బండి ఎంత చిన్న లోపానికైనా కంపెనీ వర్క్‌షాపుకే వెళ్లాలి. బిల్లు ఎంతేస్తే అంత. అప్పుడు కస్టమరు తిరిగి వస్తాడు, నిజమే. అంబాసిడర్ కోసం ఏళ్లు ఎదురుచూసినవాడు వచ్చినట్టే వస్తాడు.

ఇది నా ఊహ కాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,500 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. అసలు పార్టులు, రిపేరుకు కావాల్సిన సాంకేతిక సమాచారం బయటి మెకానిక్కులకు దొరక్కుండా చేస్తున్నారన్నది అభియోగం. ఒక మామూలు వినియోగదారుడి ఫిర్యాదుతో మొదలైన కేసు అది. కంపెనీలు పైకి అప్పీలుకు వెళ్లాయి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది. అందులో ఎంచుకున్న రంగాల్లో వాహనాలు కూడా ఉన్నాయి. కంపెనీల వైపు నుంచి కూడా వాదన ఉంది. తెలియనివాడు చెయ్యిపెడితే బ్రేకులు పాడవుతాయి, డూప్లికేట్ పార్టు ప్రాణం తీస్తుంది. ముప్ఫై ఏళ్లు ఆ వైపు కూర్చున్నాను, ఆ వాదనలో నిజముందని నాకు తెలుసు. దానికి మందు నేర్పించడం. తలుపు మూయడం కాదు.

కాబట్టి ఈసారి బండి కొనేముందు షోరూములో రెండు మూడు ప్రశ్నలు అడగండి. మీరు తిరిగే రూటులో వర్క్‌షాపులు ఎక్కడెక్కడ ఉన్నాయి? మామూలుగా అరిగే పార్టులు బయటి షాపులో దొరుకుతాయా? పార్టు ఎన్ని రోజుల్లో రాకపోతే ఏమిస్తారో కాగితం మీద రాసిస్తారా? ఎలక్ట్రిక్ బండి అయితే బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లన్నదే కాదు, అన్నేళ్లు ఆ డీలరు ఉంటాడా అని కూడా చూడండి. పిల్లనిచ్చేటప్పుడు అటేడు తరాలు ఇటేడు తరాలు చూస్తారు. ఇరవై, ముప్ఫై లక్షల అప్పు చేసేటప్పుడు షోరూము ఏసీ చల్లదనం చూసి సంతకం పెట్టకండి. తర్వాత అదే బండి ఉన్న ఇద్దరు ఓనర్లను కలవండి. మైలేజీ ఎంతని కాదు, ఆగిన రోజు ఎవరొచ్చారని అడగండి.

మన సంఘానికి నాదొక ప్రతిపాదన. ఈ స్కూల్లో చదివి ఆటోనగర్‌లో షెడ్లు నడుపుతున్నవాళ్లు, వాళ్ల దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు ఇప్పుడు ఒక మలుపులో ఉన్నారు. చేతిలో పనితనం ఉంది, కొత్త బండి లోపల ఏముందో చూపించేవాళ్లు లేరు. స్వర్ణోత్సవం పేరున ఒక ఆర్చి కడదామన్న ఆలోచన కూడా ఉందని విన్నాను. ఆర్చితో పాటు, వీలైతే ఆర్చికి ముందే, ఏడాదికి పదిహేను మంది కుర్రాళ్లకు బండి ఎలక్ట్రానిక్స్, స్కానర్ వాడకం, హైవోల్టేజి బ్యాటరీల దగ్గర జాగ్రత్తలు నేర్పే ఏర్పాటు చేద్దాం. నేను నెలకు రెండు ఆదివారాలు వచ్చి పాఠం చెబుతాను. మొదటి స్కానర్ ఖర్చు నాది. వాహన కంపెనీల్లో ఉన్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఉంటే ఈ సభ అయ్యాక దయచేసి నన్ను కలవండి.

చదువయ్యి ఇన్నేళ్లయినా మనం ఈ స్కూలుకు ఎందుకొస్తున్నాం అని అడిగితే, గోడల మీద రంగు చూసి కాదు. ఫీజు కట్టలేని నెలలో, పరీక్ష తప్పిన ఏడాదిలో మన ఇంటిదాకా నడిచి వచ్చిన మాస్టర్లున్నారు కాబట్టి. వాళ్లు మనకు చేసినది ఆ షెడ్లలోని పిల్లలకు మనం చేస్తే ఈ యాభై ఏళ్లకు అర్థముంటుంది.

 భోజనాల వేళయింది, వంటవాళ్లు నా వైపే చూస్తున్నారు. సెలవు.